డిగ్రీ ఆపొద్దు, మోకాళ్లు జాగ్రత్త

అనంతపురం

తల్లీ, ఆశీస్సులు.

డిగ్రీ ఆపేసి బాస్కెట్‌బాలే ఆడతానని పట్టుబట్టినావంట. మీ నాయన నిన్న ఫోన్ చేసి చెప్పి బాధపడినాడు. నేను ఆడొద్దనను. నీ ఆట మొదటినుంచీ చూస్తున్నవాణ్ణి, నువ్వు ఆడాల్సిందే. కాకపోతే ఈ ఆటలో ఆడే ఏళ్లు ఎంత తొందరగా అయిపోతాయో తెలుసుకొని దిగు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ జట్టుకు బ్రాండన్ రాయ్ ఆడేవాడు. 2007లో ఎన్‌బీఏ (అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) కొత్త ఆటగాళ్లలో మేటి అని అవార్డు ఇచ్చినారు. 2011 డిసెంబరుకే ఆట మానుకోవాల్సి వచ్చింది. అప్పటికి 27 ఏళ్లు! మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది. మరుసటి ఏడు మళ్లీ దిగితే అయిదు మ్యాచ్‌లతో సరి. చైనా ఆటగాడు యావో మింగ్ కూడా పాదం ఎముకలు విరిగీ విరిగీ 30 ఏళ్లకే ఆపేసినాడు. ఇక మన సత్నామ్ సింగ్. ఇండియాలో పుట్టినోళ్లలో ఎన్‌బీఏ డ్రాఫ్టుకు (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వరుస) ఎక్కిన మొదటివాడు, 2015లో డల్లాస్ జట్టు తీసుకుంది. అక్కడ ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ ఆడకుండానే తర్వాత రెజ్లింగ్‌కు పోయినాడు. వీళ్లలో ఎవరి కష్టమూ తక్కువది కాదు తల్లీ.

అందుకే ముందు మోకాళ్లు. మోకాలి మధ్యలో ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ (ఏసీఎల్) తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లలకే ఎక్కువ. ఎవరో వచ్చి గుద్దితేనే తెగుతుందనుకోవద్దు. రీబౌండ్‌కు (బుట్టలో పడకుండా తిరిగొచ్చే బంతికి) ఎగిరి ఒంటికాలి మీద పడి, మోకాలు లోపలికి వాలితే చాలు. నీ ఎడమ మోకాలు అట్లే వాలుతుంది, నేను చూసినా. రోజూ బంతి పట్టకముందు ఒక మెట్టు మీంచి రెండుకాళ్లతో దూకు. మోకాలు బొటనవేలు దాటి లోపలికి రాకూడదు, దిగిన చప్పుడు గట్టిగా వినపడకూడదు. మీ చెల్లెలితో ఫోన్‌లో ఎదురుగా వీడియో తీయించుకో, నీకే తెలుస్తుంది. వాపు ఉన్నరోజు నొప్పి తెలీకుండా స్ప్రే కొట్టుకొని ఆడితే మాత్రం నేను ఒప్పుకోను.

చదువు సంగతి. క్రికెట్‌లో ఉన్న డబ్బు మన దేశంలో ఈ ఆటకు లేదు. ఆడే అమ్మాయిలకు పెద్ద దిక్కు రైల్వే, అక్కడ స్పోర్ట్స్ కోటా అయినా చదువు అర్హత అడుగుతారు. మోకాలికి ఆపరేషన్ అయి ఏడాది ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినా, నీ చేతిలో డిగ్రీ ఉంటే మీ నాయన శెనక్కాయ పంట మీద బరువు పడదు. కాలేజీకి పోవడం కుదరకపోతే దూరవిద్యలో చేరు, అంతేగానీ ఆపొద్దు. ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్టూ జిరాక్స్ తీసి ఒక ఫైల్లో పెట్టు.

ఆదివారం పొద్దున ఆరుకల్లా గ్రౌండుకు రా. ఇప్పుడు వేసుకుంటున్న షూ తీసుకురా, అడుగు అరిగిందేమో చూడాల. మీ నాయన్నీ పిలుచుకొని రా, కోటా సంగతి ఆయనకూ చెప్పాల.

మీ డ్రిల్లు సార్