డిస్నీకి వెళ్తున్నాం: డైనింగ్ ప్లాన్ కొనాలా, పులిహోర కట్టుకోవాలా?

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర కమింగ్‌లో ఉంటాం. జూలై చివరి వారంలో మొదటిసారి ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి కారులో వెళ్తున్నాం. నేను, మావారు, బాబు (జూలై 10కి పదేళ్లు నిండుతాయి), నాలుగేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మావగారు. ఆల్‌స్టార్ మ్యూజిక్ రిసార్ట్‌లో ఫ్యామిలీ సూట్ తీసుకున్నాం. ఐదు రాత్రులు, నాలుగు రోజులు, నాలుగు పార్కులు. హోటల్, టికెట్లు పోగా తిండికి 1,200 డాలర్లు మిగిలాయి. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. మావగారికి షుగర్. మేం నలుగురం చికెన్ తింటాం, బీఫ్ తినం. డైనింగ్ ప్లాన్ కొనేస్తే రోజూ డబ్బు గొడవ ఉండదని స్నేహితులు అంటున్నారు. కొనమంటారా? కొనకపోతే 1,200 సరిపోతాయా?

జవాబు: కొనొద్దు. 1,200 సరిపోతాయి, ఇంకా కొంచెం మిగులుతాయి కూడా. ఎలాగో లెక్కేసి చూద్దాం.

డైనింగ్ ప్లాన్ అంటే భోజనాలకి డిస్నీకి ముందే డబ్బు కట్టేయడం. అది తలకింత అని వసూలు చేస్తుంది. మన ఇళ్లలో తిండి తలకింత అని ఉండదు. ఒకరికి రెండు ప్లేట్లు కావాలి, పాప సగం వదిలేస్తుంది, అత్తగారికి ఇంత పెరుగన్నం ఉంటే చాలు. ప్లాన్ నియమం ఏమిటంటే, ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లలో మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఉన్నన్ని రాత్రులకూ కొనాలి. ‘మా నలుగురికీ కొంటాం, పెద్దవాళ్లకి వద్దు’ అంటే కుదరదు. మీ ఆరుగురూ ఒకే సూట్‌లో ఉన్నారు కాబట్టి ఆరుగురికీ కట్టాలి.

కోవిడ్ సమయంలో ఆపేసిన ఈ ప్లాన్‌ను 2024 జనవరిలో మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు చవకరకం, అంటే క్విక్ సర్వీస్ ప్లాన్, పెద్దలకు రాత్రికి 57.01 డాలర్లు, పిల్లలకు 23.83. ఆ తర్వాత ధర పెరిగింది. పాత ధరే వేసి చూపిస్తాను, కొత్తది ఇంకా ఎక్కువే. ఇక్కడ మీకు తగిలే దెబ్బ ఒకటుంది: పిల్లలంటే డిస్నీ దృష్టిలో 3 నుంచి 9 ఏళ్లవాళ్లు. మీ బాబు ప్రయాణానికి రెండు వారాల ముందే పెద్దవాడైపోతాడు. కాబట్టి ఐదుగురు పెద్దలు, ఒక పాప. రాత్రికి 308.88, ఐదు రాత్రులకు 1,544 డాలర్లు. 2026 ప్రయాణాలకు 3–9 ఏళ్ల పిల్లలకు ప్లాన్ ఉచితమని ఆఫర్ పెట్టారు. దానితో పాప వంతు తీసేసినా 1,425. మీ దగ్గరున్నది 1,200.

బాబు పుట్టినరోజుకి ముందే వెళ్దామా అని మీకు అనిపించవచ్చు. వద్దు. ప్లాన్ కొననప్పుడు వాడి వయసు వల్ల టికెట్‌లో వచ్చే తేడా కొద్ది డాలర్లే. దాని కోసం జూలై 4 రద్దీలో ఇరుక్కోనక్కర్లేదు.

ఆ డబ్బుకి మీకొచ్చేది ఏమిటి? తలకి రాత్రికి రెండు కౌంటర్ భోజనాలు (కౌంటర్ దగ్గర మీరే తెచ్చుకుని తినేవి), ఒక చిరుతిండి, బస మొత్తానికి హోటల్లో డ్రింకులు నింపుకునే కప్పు ఒకటి. భోజనంతో పాటు డ్రింకు కూడా లెక్కలో ఉంటుంది. 21 ఏళ్లు దాటినవాళ్లు దాని బదులు బీరో వైనో తీసుకోవచ్చు. పూటకొక బర్గరు, దాంతో ఒక బీరు తీసుకునేవాళ్లకి ఈ ప్లాన్ గిట్టుబాటవుతుంది. మీ మావగారు ఆ డబ్బుతో మంచినీళ్లు తాగి వస్తారు. కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంట్ ఈ చవక ప్లాన్‌లో లేదు, దానికి ఇంకా ఖరీదైన ప్లాన్ వేరే ఉంది.

నా పాత తప్పు ఒకటి చెప్పుకోవాలి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ప్లాన్ కొన్నాం. బయల్దేరే ముందురోజు సాయంత్రానికి ఎనిమిదో తొమ్మిదో స్నాక్ క్రెడిట్లు, అంటే ప్లాన్‌లో ముందే డబ్బు కట్టిన చిరుతిళ్లు, మిగిలిపోయాయి. ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి అవి చెల్లవు. అందుకని అందరికీ మిక్కీ ఆకారంలో ఉండే రైస్ క్రిస్పీ బిళ్లలు కొని సంచిలో వేశాను. ఇంటికొచ్చాక మా అమ్మ అట్ట మీద చదివి, అందులోని మార్ష్‌మాలోలో జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం, ఉందని చెప్పి, సంచి మొత్తం నా చేతిలో పెట్టింది. (మార్ష్‌మాలో ఉన్న ఏ మిఠాయి అయినా అత్తగారికి ఇచ్చే ముందు అడగండి.)

ఇక మీ లెక్క.

పార్కులోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. చాలామందికి ఇది తెలియదు, ఇండియాలోని పార్కుల అలవాటుతో ఖాళీ చేతులతో వెళ్తారు. ముఖ్యమైన షరతులు మూడు. వేడి చేయాల్సిన అవసరం లేని పదార్థమై ఉండాలి, గాజు సీసాలు ఉండకూడదు, విడి ఐసు ఉండకూడదు. గాజు సీసాలో ఆవకాయ పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. చల్లదనానికి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన జెల్ ప్యాకులు వాడండి.

ఫ్యామిలీ సూట్ తీసుకోవడం మీరు చేసిన మంచి పని. అందులో చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. ఆల్‌స్టార్ మామూలు గదుల్లో మైక్రోవేవ్ ఉండదు. పులిహోర గుజ్జు ఇంట్లోనే చేసి డబ్బాకెత్తండి. రోజూ పొద్దున మైక్రోవేవ్ అన్నం పొట్లాలు వేడిచేసి, కొంచెం ఆరనిచ్చి, గుజ్జు కలిపితే పది నిమిషాల పని. పెరుగన్నాన్ని పాలతో కాక పెరుగుతోనే కలపండి, చల్లసంచిలో పాలు తోడుకోవు.  అయితే జూలైలో ఓర్లాండో ఎండ 90 ఫారెన్‌హీట్ దాటుతుంది. ఆ వేడిలో వండిన అన్నం బయట గంటకు మించి ఉండకూడదని ఇక్కడి ఆహార భద్రత నియమం. కాబట్టి జెల్ ప్యాక్ లేకుండా పెరుగన్నం తీసుకెళ్లొద్దు. పులిహోరలోదీ వండిన అన్నమే, దానికీ చల్లసంచి వాడండి. మావగారికి అన్నం బదులు మెంతి చపాతీలు, వేయించిన శనగలు పెట్టండి.

నీళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఆరుగురు, రోజుకి మూడేసి సీసాలు, సీసా నాలుగు డాలర్ల చొప్పున నాలుగు రోజులకు 288 డాలర్లు. పార్కులో డ్రింకులు పోసిచ్చే కౌంటర్ల దగ్గర చల్లని నీళ్ల కప్పు అడిగితే ఉచితంగా ఇస్తారు, ఏమీ కొనక్కర్లేదు. ఫ్లోరిడా కుళాయి నీళ్లకి ఒక రకమైన వాసన ఉంటుంది. అత్తగారు ముక్కు విరుస్తారు. నిమ్మకాయలు నాలుగు సంచిలో వేసుకోండి.

వెళ్లే రోజు దారిలోకీ, ఆ రాత్రికీ ఇంటి నుంచే కట్టుకెళ్తారనుకుంటున్నాను. ఉదయాలు సూట్‌లో పాలు, సీరియల్, బ్రెడ్, ఉప్మా పొట్లాలు. మూడు మధ్యాహ్నాలు కట్టుకెళ్లినవి. వీటన్నిటి సరుకులకి 160 డాలర్లు వేశాను. ఆరెంజ్ బ్లాసమ్ ట్రయిల్ మీద ఇండియన్ కిరాణా దుకాణాలు ఉన్నాయి, మరిచిపోయినవి అక్కడ దొరుకుతాయి.

నాలుగు రాత్రులూ కౌంటర్ భోజనం. మీరిద్దరూ 16 చొప్పున, బాబుకి 14, పాపకి 9, పెద్దవాళ్లిద్దరికీ 13 చొప్పున అనుకుంటే 81. ఆరెంజ్ కౌంటీ పన్ను 6.5 శాతం కలిపితే 86. నాలుగు రాత్రులకు 345. కౌంటర్ దగ్గర టిప్ ఇవ్వక్కర్లేదు. మెనూలో ఆకు గుర్తు ఉన్నవి పూర్తిగా శాకాహారం. పాలు, గుడ్డు, తేనె కూడా ఉండవు. 2019 నుంచి ఈ గుర్తు పెడుతున్నారు. అత్తగారికి ఆ ఒక్క గుర్తు చూపిస్తే చాలు, ప్రతిదీ అడగక్కర్లేదు. వేపుళ్ల నూనె సంగతి మాత్రం అడగండి, మాంసం వేయించిన నూనెలోనే బంగాళాదుంపలూ వేయించి ఉండొచ్చు.

ఒక్క పూట మాత్రం దర్జాగా కూర్చుని తినండి. దీనికి నేను 250 కేటాయించాను, తగ్గించమని అడిగినా తగ్గించను. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో కిడాని విలేజ్ వైపు సనా అనే రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటకి మన మసాలా కలిసిన చోటు. నాన్ లాంటి రొట్టెలు, తొమ్మిది రకాల పచ్చళ్లు, చట్నీలతో వచ్చే ‘బ్రెడ్ సర్వీస్’ ఒకటి తెప్పిస్తే పెద్దవాళ్లిద్దరికీ సరిపోతుంది. ఏ రొట్టెలో గుడ్డు ఉందో వడ్డించేవాళ్లని అడగండి, అవసరమైతే షెఫ్ వచ్చి చెప్తారు. రాత్రి వద్దు, మధ్యాహ్నమే వెళ్లండి. కిటికీ అవతల జీబ్రాలు, జిరాఫీలు తిరుగుతుంటాయి, చీకటి పడితే ఏం కనపడతాయి? యానిమల్ కింగ్‌డమ్ పార్కు రోజే పెట్టుకోండి. పొద్దున్నే జంతువుల్ని చూసేసి, ఎండ ముదిరేసరికి లాడ్జ్‌కి చేరి, తిన్నాక దగ్గర్లోనే ఉన్న మీ హోటల్‌కి వెళ్లి పడుకోవచ్చు. మావగారికి ఆ కునుకు అవసరం.

వంటకాల బిల్లు 200 అనుకుంటే, ఆరుగురు, ఆపైన ఉంటే టిప్ 18 శాతం వాళ్లే వేసేస్తారు, మీరు సరిగ్గా ఆరుగురు కాబట్టి మీకూ వర్తిస్తుంది. పన్నుతో కలిపి 249. బిల్లులో టిప్ వేశారో లేదో చూడకుండా కింద గీత మీద మళ్లీ ఇంకో 40 రాసేవాళ్లు మనలో చాలామంది. టేబుల్ 60 రోజుల ముందు బుక్ చేయొచ్చు. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు తమ బస మొత్తానికి ఆ రోజే ఒకేసారి చేసుకోవచ్చు. రెండు గంటల ముందు రద్దు చేయకుండా మానేస్తే తలకి పది డాలర్లు పట్టుకుంటారు. అంటే మీకు 60, తినని భోజనానికి.

మిక్కీతో కలిసి తినే షెఫ్ మిక్కీస్ బఫే సంగతి మీరు అడగలేదు, పాప అడుగుతుంది. రాత్రి భోజనమైతే పెద్దలకు 60 డాలర్ల పైమాటే. గుడ్డు ముట్టని అత్తగారికీ అదే ధర. ఆరుగురూ వెళ్తే తిండి డబ్బులో మూడో వంతు ఒక పూటకే పోతుంది. పార్కుల్లో మిక్కీ ఫొటోకి ఉచితంగానే నిలబడతాడు. మరీ ముచ్చటైతే పాప, మీరు ఇద్దరే వెళ్లండి. మిగతావాళ్లు హోటల్లో ఈత కొడతారు.

చిరుతిళ్లకి రోజుకి 35, నాలుగు రోజులకు 140. డోల్ విప్ అనే అనాస ఐస్‌క్రీమ్ ఒకటి తప్పకుండా కొనండి, అత్తగారూ తినొచ్చు. జంతికలు, చెగోడీలు ఇంటి నుంచి తెచ్చుకుంటే ఈ పద్దులో కొంత మిగులుతుంది.

160, 345, 250, 140. మొత్తం 895. అనుకోని ఖర్చుకి వంద చేర్చినా వెయ్యి లోపే. మీకు 200 మిగులుతాయి, పాప షెఫ్ మిక్కీస్ అందులోంచే.

ఈ డబ్బుని కార్డు మీద వదిలేయకండి. చేతికున్న మ్యాజిక్ బ్యాండ్ అనే డిస్నీ పట్టీని యంత్రానికి తాకించి పిన్ నొక్కితే చాలు బిల్లు గదికి ఎక్కేస్తుంది, లెక్క చివరిదాకా ఎవరూ చూసుకోరు. పిల్లల బ్యాండ్లకి ఖర్చు చేసే వీలు తీసేయండి. తిండికి కేటాయించిన డబ్బులో సరుకులు పోగా మిగిలింది డిస్నీ గిఫ్ట్ కార్డుల మీద వేసుకోండి. వేర్‌హౌస్ క్లబ్బుల్లో అవి ఒక్కోసారి ముఖ విలువ కంటే కాస్త తక్కువకి దొరుకుతాయి. ఇది మన అమ్మలు పోపుల డబ్బాలో డబ్బు దాచినట్టే, డబ్బా అడుగు కనపడితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. బాబు చేతికి వాడి స్నాక్ డబ్బు, రోజుకి ఎనిమిది డాలర్లు, విడిగా ఇవ్వండి. పెద్దవాడయ్యాడుగా.

ఇక అసలు ఖర్చు పెరిగేది ఎక్కడో చెప్తాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ‘మాకు ఆకలి లేదు, మీరు తినండి’ అంటారు పెద్దవాళ్లు. నిజం కాదు. గోడ మీద 14 డాలర్లు అని చూసి, మనసులో రూపాయల్లోకి గుణించుకుని ఉంటారు. నాలుగింటికి మావగారికి షుగర్ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. అప్పుడు దగ్గర్లో ఏది కనిపిస్తే అది, ఎంతైనా, ఆరు ప్లేట్లు కొంటారు. తిండి వేళని గడియారంతో పెట్టండి, ఆకలితో కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి డబ్బాలు తెరవాల్సిందే. సాయంత్రం భోజనానికి ఫోన్‌లోని డిస్నీ యాప్‌లో మూడింటికే మొబైల్ ఆర్డర్ పెట్టి, ఐదున్నర సమయం ఎంచుకోండి. లైన్‌లో నిలబడక్కర్లేదు. పైగా ధర మీ ఫోన్‌లోనే ఉండిపోతుంది, అత్తగారి కంట పడదు.