ఫ్రీ నైట్స్ కరెంట్ ప్లాన్ తీస్కోవాలా వద్దా? ముందు మీ ఇంట్లో సాయంత్రం ఎవరుంటారో చూస్కోండి

కావలి తమ్ముడొకడు మొన్న అడిగాడు. కొత్తగా డల్లాస్ పక్కన ఇర్వింగ్ లో అపార్ట్‌మెంట్ తీస్కున్నాడు, వచ్చే నెల భార్య వస్తంది, మే చివర్లో అమ్మానాన్న కూడా వస్తారంట. "అన్నా, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా కరెంట్ మొత్తం ఫ్రీ అంట, సంవత్సరం కాంట్రాక్ట్, సైన్ చేసేద్దామా" అని. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి డల్లాస్ కొచ్చిన ప్రతి పిల్లోడూ మొదటి నెల్లో ఏదో ఒక రకంగా ఈ ప్రశ్న అడుగుతానే ఉంటాడు, అందుకే వివరంగా రాస్తన్నా, మిగతావాళ్ళకి కూడా పనికొస్తది.

సైన్ చెయ్యబాక తమ్ముడూ, ఇప్పుడే చెయ్యబాక. ఆ ప్లాన్ చెడ్డదని కాదు, అది నీ ఇంటికి సరిపోయే ప్లానో కాదో నీకింకా తెలీదు, అదీ సంగతి.

మనూళ్ళో కరెంట్ బిల్లు అంటే ఎన్ని యూనిట్లు కాల్చాం అనేదే లెక్క. నెల్లూరులో ఎస్పీడీసీఎల్ అయినా ఒంగోల్లో సీపీడీసీఎల్ అయినా స్లాబు దాటితే రేటు పెరుగుతుంది, 400 యూనిట్లు దాటితే యూనిట్ తొమ్మిది రూపాయల 75 పైసలు, అంతే గానీ మధ్యాహ్నం రెండింటికి వాడావా రాత్రి రెండింటికి వాడావా అని ఇంటి మీటరోడు ఎప్పుడూ అడగలా. టైం బట్టి కరెంట్ అనేది మన నాన్నలకి తెలుసు గానీ అది పొలం దగ్గర. ఉచిత కరెంట్ పగలు తొమ్మిది గంటలు ఇవ్వడం మొదలుపెట్టక ముందు, రాత్రి ఏ ఒంటిగంటకో త్రీఫేజ్ వస్తే టార్చిలైటు పట్టుకుని మోటరెయ్యడానికి పోయినోళ్ళు మన రెండు జిల్లాల్లో ప్రతి ఊర్లో ఉండారు, ఆ చీకట్లో పాములూ తేళ్ళూ తొక్కినోళ్ళు కూడా ఉండారు. కరెంటు టైం కి మనిషి లేవడం అంటే ఏందో వాళ్ళనడిగితే చెప్తారు. ఈడ అమెరికాలో ఆ పని మళ్ళీ ఇంట్లో మొదలుపెట్టాలా వద్దా అనేదే నువ్వు తేల్చుకోవాల్సింది.

సరే, టెక్సస్ సంగతి ముందు చెప్తా, నువ్వుండేది ఆడే కాబట్టి. డల్లాస్, హ్యూస్టన్ లాంటి చోట్ల కరెంట్ అమ్మే కంపెనీని నువ్వే ఎంచుకోవాలి, ఆస్టిన్, శాన్ ఆంటోనియో లో అయితే ఆ గొడవ లేదు, అక్కడ సిటీ వాళ్ళదే కరెంట్. నువ్వు ఏ కంపెనీ తీస్కున్నా స్తంభాలు, వైర్లు, మీటరు మాత్రం నీ ఏరియాలో ఆంకార్ అనే లైన్ల కంపెనీ వాళ్ళవే, కరెంట్ పోయినా వాళ్ళే వచ్చి చూడాలి, కాబట్టి ఖరీదు ఎక్కువ పెట్టి కొంటే మంచి కరెంట్ వస్తది అనేది ఏం లేదు. బిల్లులో రెండు ముక్కలుంటాయి, ఒకటి కంపెనీ వాడి యూనిట్ రేటు, దాన్నే ఎనర్జీ చార్జీ అంటారు, రెండోది ఆంకార్ డెలివరీ చార్జీ. యాడ్ లో పెద్ద అక్షరాలతో కనపడేది చాలాసార్లు మొదటి ముక్క ఒక్కటే.

ప్రతి ప్లానుకీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని చిన్న కాగితం ఉంటది, ఈఎఫ్ఎల్ అంటారు, అది ఇవ్వడం రూలు. దాంట్లో నెలకి 500, 1000, 2000 యూనిట్లు వాడితే అన్నీ కలిపి సగటున యూనిట్ ఎంత పడుద్దో రాసుంటది. ఫ్రీ నైట్స్ ప్లాన్ అయితే ఆ సగటు కట్టేటప్పుడు రాత్రి ఎంత శాతం వాడతారని వాళ్ళు అనుకున్నారో అది కూడా చూడు, నీ ఇల్లు ఆ లెక్కలో ఉండకపోవచ్చు. ఫ్రీ టైం లో డెలివరీ చార్జీ కూడా మాఫీనా లేక ఎనర్జీ చార్జీ ఒక్కటే మాఫీనా అనేది ఇంకో మెలిక, కొన్ని ప్లాన్లలో రెండూ పోతాయి, కొన్నిట్లో పోవు. ఇండియన్ గ్రోసరీ స్టోర్ ముందర టేబుల్ వేసుకుని నిలబడేవాళ్ళు ఈ కాగితం చేతికివ్వకుండా సంతకం అడిగితే దండం పెట్టి వచ్చేయ్. ఒకవేళ కంపెనీ మారతా అని మొహమాటానికి సంతకం పెట్టేసినా మూడు బిజినెస్ డేస్ లోపల రద్దు చేసుకునే హక్కు ఉంది, ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ రేట్లు ఉదాహరణకి చెప్తన్నవే, నువ్వు నీ కాగితంలో ఉన్నవి వేసుకో. మామూలు ఫిక్స్‌డ్ ప్లాన్, అంటే ఏ టైం లో వాడినా ఒకటే రేటు, అన్నీ కలిపి యూనిట్ 15 సెంట్లు అనుకో. ఫ్రీ నైట్స్ ప్లాన్ రాత్రి సున్నా, పగలు 27 సెంట్లు అనుకో. ఆషాఢం సేల్లో ముందు రేటు పెంచి తర్వాత తగ్గించినట్టు, రాత్రి ఇచ్చిన ఫ్రీ అంతా పగటి రేట్లో ఉంటది. ఈ రెండూ సమానం కావాలంటే నీ వాడకంలో నూటికి 44 యూనిట్లు రాత్రి తొమ్మిది తర్వాతే పడాలి. తొమ్మిది నుంచి ఆరు దాకా అంటే తొమ్మిది గంటలు, రోజులో అది నూటికి 37 పైచిలుకు మాత్రమే. అంటే ఫ్రిజ్ లాగా ఇరవైనాలుగు గంటలూ ఒకే తీరుగా కరెంట్ తాగే ఇల్లైనా కూడా ఆ ప్లాన్ లో నష్టమే. మరి మనిల్లు అలా ఉండదు గదా, ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ ఆడతది, సాయంత్రం వంట, రాత్రి తొమ్మిదికి అందరూ పడుకునే వేళ.

నెలకి 900 యూనిట్లు కాలే ఇల్లు తీస్కో, దాంట్లో 300 రాత్రి పడ్డాయనుకో. ఫ్రీ నైట్స్ లో మిగిలిన 600 కి 27 సెంట్ల చొప్పున 162 డాలర్లు. మామూలు ప్లాన్ లో మొత్తం 900 కి 15 చొప్పున 135 డాలర్లు. ఫ్రీ అన్న ప్లానే నెలకి 27 డాలర్లు ఎక్కువ. అదే ఇంట్లో ఎలక్ట్రిక్ కారు ఉండి నెలకి వెయ్యి మైళ్ళు తిరిగితే సుమారు 300 యూనిట్లు ఎక్స్‌ట్రా, అది మొత్తం రాత్రే చార్జ్ చేస్తే, ఫ్రీ నైట్స్ బిల్లు అదే 162, మామూలు ప్లాన్ బిల్లు 180. ఇప్పుడు ఫ్రీ నైట్స్ గెలిచింది. అందుకే ఫ్రెండ్ తీస్కున్నాడని నువ్వు తీస్కోబాక, వాడికి సొంత గరాజ్ లో టెస్లా ఉండొచ్చు. నీ అపార్ట్‌మెంట్ లో కార్ చార్జర్లు ఉన్నా కూడా అవి మామూలుగా కాంప్లెక్స్ వాళ్ళ మీటర్ మీద ఉంటాయి, నీ మీటర్ మీద కాదు, నీ ఫ్రీ నైట్ దానికి పనికిరాదు.

మనోళ్ళు ఎక్కువగా అడిగేది గ్రైండర్ గురించి. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బాలా, రైస్ కుక్కర్ తొమ్మిది తర్వాత పెట్టాలా అని. ఆ భయం వద్దు. మన టేబుల్ టాప్ గ్రైండర్ 150 వాట్లు, అరగంట తిరిగితే యూనిట్లో పదోవంతు కూడా కాలదు. రైస్ కుక్కర్ అరగంటకి యూనిట్లో మూడోవంతు. వీటి కోసం రాత్రి పదింటికి అన్నం వండుకుని తినాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. అసలు తినేది సెంట్రల్ ఏసీ, అది ఆడినంతసేపు గంటకి మూడు నాలుగు యూనిట్లు లాగుద్ది. తర్వాత ఎలక్ట్రిక్ వాటర్ హీటర్, బట్టల డ్రయ్యర్, చలికాలంలో ఎలక్ట్రిక్ హీటింగ్. డ్రయ్యర్, డిష్ వాషర్ రాత్రికి జరపడం తేలిక, టైమర్ పెడితే అయిపోద్ది. ఏసీని జరపలేవు. జూన్ లో డల్లాస్ లో సూర్యుడు పోయేసరికే రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది, మన రోహిణి కార్తె ఎండ చూసినోళ్ళకి కూడా ఆ సాయంత్రం వేడి కొత్తగానే ఉంటది, తొమ్మిదింటికి ఫ్రీ మొదలయ్యేలోపు ఏసీ ఖరీదైన రేటు మీద సగం రోజు ఆడేసి ఉంటది.

ఇంకోటి, ఇంట్లో పగలు ఎవరుంటారు? నువ్వు బ్యాచిలర్ గా ఉండి పొద్దున పోయి రాత్రి ఎనిమిదికి వస్తే ఒక లెక్క. నీ భార్య హెచ్ ఫోర్ డిపెండెంట్ వీసా మీద వచ్చి కొన్నాళ్ళు పగలంతా ఇంట్లోనే ఉంటే వేరే లెక్క. అమ్మానాన్న వస్తే ఇంకా వేరే. ఇది నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట తమ్ముడూ. కొడుకు ఒక్కసారి "నాన్నా, సాయంత్రం కరెంట్ రేటు ఎక్కువ" అన్నాడంటే చాలు, ఆ పెద్దాయన నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఏసీ ఆపేసి చెమటలు కక్కుతా కూర్చుంటాడు, అడిగితే నాకు అలవాటే రా అంటాడు. మనూర్లో కిటికీలు తీస్తే సముద్రం గాలి వస్తది, చెట్టు కింద మంచం వేస్తారు, ఈడ అపార్ట్‌మెంట్ మూసిన డబ్బా, తలుపులేసి ఏసీ ఆపితే గంటలో ఇల్లు కాలిపోతది. బీపీ, షుగర్ ఉన్న మనుషులకి అది ప్రమాదం. అమ్మానాన్న ఉండే నెలలు నీ కాంట్రాక్ట్ లో ఉన్నాయంటే మామూలు ఫిక్స్‌డ్ రేటే తీస్కో, లెక్కలో పది డాలర్లు తేడా వచ్చినా సరే, వాళ్ళకి రేట్ల సంగతి అసలు చెప్పబాక.

మరి నీ వాడకం ఎట్టా తెలుస్తది అంటావా. స్మార్ట్ మీటర్ టెక్సస్ అని సైట్ ఉంది, బిల్లు మీద ఉండే ఈఎస్ఐ ఐడీ అనే కనెక్షన్ నంబరుతో రిజిస్టర్ అయితే పావుగంట పావుగంటకి ఎన్ని యూనిట్లు కాలాయో కనపడుద్ది. ఒక రెండు మూడు నెలలు మామూలు ప్లాన్ లో ఉండి అది చూడు. జనవరి ఒక్కటే చూసి తీర్మానం చెయ్యబాక, హీటింగ్ కూడా కరెంట్ తోనే నడిచే అపార్ట్‌మెంట్లలో చలికాలం రాత్రిళ్ళే వాడకం ఎక్కువ, అది చూస్తే ఫ్రీ నైట్స్ బంగారం లాగా కనపడుద్ది, జులై వచ్చేసరికి తిరగబడుద్ది.

ప్లాన్లు పోల్చుకోడానికి పవర్ టు చూజ్ అని టెక్సస్ ప్రభుత్వ కమిషన్ వాళ్ళ సైటే ఉంది, కమీషన్ తీస్కునే బ్రోకర్ల సైట్ల కన్నా అది మేలు. కాకపోతే ఆడ మొదట కనపడే రేటు 1000 యూనిట్లకి లెక్కేసింది, కొన్ని కంపెనీలు సరిగ్గా 1000 దాటితే బిల్లులో వంద డాలర్లు తగ్గిస్తాం, అంటే క్రెడిట్, అని పెట్టి ఆ ఒక్క అంకె దగ్గర చౌకగా కనపడతాయి, నువ్వు 950 వాడితే క్రెడిట్ పూర్తిగా పోతది. చిన్న అపార్ట్‌మెంట్ కి అలాంటివి వద్దు. క్రెడిట్ హిస్టరీ లేదని డిపాజిట్ అడుగుతారు, అది మామూలే, కంగారుపడబాక.

మార్కెట్ రేటుకే కరెంట్ ఇస్తాం అనే ప్లాన్లు ఒకప్పుడు ఉండేవి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ రేటు యూనిట్ 9 డాలర్లకి పోయి రోజుల తరబడి ఆడే నిలబడింది, ఆ ప్లాన్లలో ఉన్నోళ్ళకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. తర్వాత ఇళ్ళకి అలాంటి ప్లాన్ అమ్మకూడదని అదే సంవత్సరం చట్టం చేశారు. నెలనెలా రేటు మారే వేరియబుల్ ప్లాన్లు మాత్రం ఇంకా ఉండాయి, అవీ వద్దు.

కాలిఫోర్నియా వెళ్ళే వాళ్ళకి రెండు ముక్కలు. ఆడ చాలా చోట్ల కంపెనీని ఎంచుకునేది లేదు, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎక్కువగా పీజీ అండ్ ఈ కంపెనీ, వాళ్ళ దగ్గర రేట్ ప్లాన్ ఎంచుకోవాలి. ఒక ప్లాన్ లో వారమంతా సాయంత్రం 4 నుంచి 9 దాకా పీక్, ఇంకోదాంట్లో సోమవారం నుంచి శుక్రవారం 5 నుంచి 8 దాకా మాత్రమే. పగలంతా సోలార్ కరెంట్ పొంగిపోతది, పొద్దుగూకేసరికి అది ఆగిపోయి అందరూ ఇంటికొచ్చి ఏసీ, స్టవ్ వేస్తారు, అందుకే ఆ టైం కి రేటు. ఆడ మాత్రం ఏసీని కొంచెం జరపొచ్చు, మూడింటి నుంచే ఇల్లు బాగా చల్లబరిచి నాలుగు తర్వాత రెండు మూడు డిగ్రీలు పెంచితే గోడలు గట్టిగా ఉన్న ఇళ్ళలో హాయిగానే ఉంటది. వాళ్ళ అకౌంట్ లోనే నీ పాత వాడకంతో ప్లాన్లు పోల్చి చూపించే పేజీ ఉంది, అది చూడకుండా మారబాకండి.

కెనడాలో ఒంటారియో, అంటే బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు మనోళ్ళకి మూడు దారులు: టైం బట్టి రేటు, యూనిట్ల స్లాబు, అర్ధరాత్రి చౌక రేటు. మూడోది 2023 లో వచ్చింది. 2024 నవంబర్ రేట్లలో అది రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా యూనిట్ 2.8 సెంట్లు, సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం 4 నుంచి 9 దాకా 28.4 సెంట్లు, సుమారు పదింతలు. కారు ఉన్నోళ్ళకీ నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకీ బాగుంటది. పిల్లలు స్కూల్ నుంచి వచ్చి, వంట, స్నానాలు అన్నీ ఆ ఐదు గంటల్లోనే జరిగే ఇంటికి పాత టైం రేటే నయం, దాంట్లో ఏడు తర్వాత, శని ఆదివారాలు మొత్తం చౌక. పగలంతా ఇంట్లో మనుషులుండి యూనిట్లు తక్కువ కాలే ఇంటికి స్లాబు సరిపోతది, అది మనకి అలవాటైన లెక్కే.

మళ్ళీ నీ దగ్గరికొస్తే తమ్ముడూ, కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతదో చూస్కుని తీస్కో. జులై, ఆగస్టులో అయిపోయేది వద్దు, అప్పుడు కొత్త రేట్లు మండిపోతుంటాయి, ఏప్రిల్ లేదా అక్టోబర్ లో అయిపోయేట్టు ఆరు నెలలదో పన్నెండు నెలలదో చూడు. మధ్యలో వదిలేస్తే ఫైన్ ఉంటది గానీ ఇల్లు మారితే, కొత్త అడ్రస్ ప్రూఫ్ చూపిస్తే ఆ ఫైన్ వెయ్యకూడదు. అయిపోయే తేదీకి 14 రోజుల ముందు నుంచి ఫైన్ లేకుండా వేరే కంపెనీకి మారొచ్చు. నువ్వు మర్చిపోతే వాళ్ళే నెలనెలా మారే రేటులోకి తోసేస్తారు, కాబట్టి సైన్ చేసిన రోజే ఫోన్ లో ఆ తేదీకి రిమైండర్ పెట్టుకో, ఆ ఈఎఫ్ఎల్ కాగితం కూడా మెయిల్ లో దాచుకో.