బల్ల మీది హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్‌ను అంచనా వేయడం ఎలా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగు పాఠకుల నుంచి హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డి 650 హెడ్‌ఫోన్, దానితోపాటు కొన్న ఒక చిన్న యాంప్లిఫైయర్ ఉన్నాయి. ఈమధ్య మా స్నేహితుడు తన యాంప్లిఫైయర్‌ను కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చాడు. దాని ధర నాదానికి నాలుగు రెట్లు. మా నాన్నగారు వినే పాత తెలుగు సినిమా పాటలైనా, నేను వినే ఒడిస్సీ సంగీతమైనా అందులో గొంతు మరింత స్పష్టంగానూ, మర్దళం (మృదంగం వంటి వాద్యం) మరింత నిండుగానూ పలుకుతున్నట్టు నాకు అనిపిస్తోంది. ఇంట్లో మిగతావారికి ఆ తేడా తెలియడం లేదు. కొనాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: రెండు యాంప్లిఫైయర్లనూ ఒకే శబ్ద స్థాయిలో విన్నారా లేదా అన్నది మీరు రాయలేదు. మిగతా ప్రశ్నలన్నీ దాని తరువాతివే. ఒకే పాటను ఒక డెసిబెల్ ఎక్కువ స్థాయిలో వినిపిస్తే చాలామంది దానిని “ఎక్కువ శబ్దం” అని గుర్తించరు. “ఎక్కువ స్పష్టత”, “మంచి బేస్” అని చెబుతారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి మంద్ర స్వరాలను తక్కువగా పట్టుకుంటుందనీ, స్థాయి పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుందనీ అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. మీ స్నేహితుని యాంప్లిఫైయర్‌లో మర్దళం నిండుగా వినిపించడానికి వాల్యూమ్ నాబ్ కొద్దిగా ఎక్కువ తిరిగి ఉండటమే కారణం కావచ్చు. అది కారణం కాదని తేలేవరకు ధరను గురించిన ఆలోచనను పక్కన పెట్టండి.

స్థాయిని చెవితో సరిపోల్చడం సాధ్యం కాదు, మల్టీమీటర్ కావాలి. అయితే చౌకగా దొరికే చాలా మల్టీమీటర్లలో ఏసీ కొలత 200 వోల్టుల రేంజితోనే మొదలవుతుంది. అవి వోల్టులో పదో వంతు కన్నా తక్కువ తేడాను చూపలేవు కాబట్టి ఈ పనికి రావు. ఏసీలో 2 వోల్టుల రేంజి ఉన్నదాన్ని తీసుకోండి. కంప్యూటర్ నుంచి 200 హెర్ట్జ్‌ల స్వచ్ఛమైన స్వరాన్ని ఆపకుండా వినిపిస్తూ, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, రెండు సాకెట్లున్న అడాప్టర్ సాయంతో జాక్ దగ్గర వోల్టేజీని చూడండి. మొదటి యాంప్లిఫైయర్‌ను 0.300 వోల్టు దగ్గర నిలిపితే, రెండోదాన్ని కూడా 0.297కూ 0.303కూ మధ్యకు తీసుకురావాలి. ఒక శాతం తేడా అంటే దాదాపు 0.1 డెసిబెల్, అంతకు మించితే పోలిక చెల్లదు. నాబ్‌ను గోటితో నెట్టినంత మెల్లగా కదపవలసి వస్తుంది, ఓపిక పట్టండి. ఒకసారి సరిచేశాక నాబ్‌ల మీద చెయ్యి వేయకండి.

ఆ తరువాత ఇంట్లో ఒకరిని సాయం అడగండి. ఏ యాంప్లిఫైయర్‌కు తగిలించాలో వారు నాణెం ఎగరవేసి నిర్ణయించుకుని, మీకు కనబడకుండా తగిలించి, కాగితం మీద రాసుకోవాలి. మీరు విని అది ఏ యాంప్లిఫైయరో చెప్పాలి. ఇలా పదిసార్లు చేయాలి. ఐదో ఆరో సరిపోతే అది ఊహ మాత్రమే. కేవలం ఊహతో పదింటిలో తొమ్మిదీ అంతకు మించీ సరిగ్గా చెప్పే అవకాశం సుమారు ఒక శాతం కాబట్టి, కనీసం తొమ్మిది సరిపోతే మీ చెవిని నమ్మవచ్చు. ఫ్యాను ఆపి, వీధి సద్దుమణిగాక ఈ పరీక్ష చేయండి. తిరిగే ఫ్యాను కింద సన్నని తేడాలు మునిగిపోతాయి.

ఇక అంకెల సంగతి. యాంప్లిఫైయర్ పెట్టె మీద రాసిన మిల్లీవాట్లను చూసే ముందు మీ హెడ్‌ఫోన్‌కు ఎంత కావాలో లెక్క కట్టాలి. హెచ్‌డి 650 నిరోధం 300 ఓమ్‌లు; ఒక వోల్టు ఇస్తే అది 103 డెసిబెల్స్ వినిపిస్తుందని తయారీదారులే చెబుతారు. పాటలో ఒక్కసారిగా వచ్చే దరువులకు కూడా 110 డెసిబెల్స్ అందాలని అనుకుందాం. అది చాలా ఉదారమైన అంచనా. అదనంగా కావలసింది 7 డెసిబెల్స్, అంటే దాదాపు 2.24 వోల్టులు. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సుమారు 17 మిల్లీవాట్లు వస్తాయి. మీకు కావలసింది అంతే. ప్రకటనల్లో కనిపించే “1000 మిల్లీవాట్లు” అన్న అంకె సాధారణంగా 32 ఓమ్‌ల దగ్గర కొలిచింది. అదే వోల్టేజీకి మీ 300 ఓమ్‌ల దగ్గర వచ్చేది సుమారు 107 మిల్లీవాట్లే, అయినా అది మీ అవసరానికి ఆరు రెట్లు. కాబట్టి మీ చిన్న యాంప్లిఫైయర్ 300 ఓమ్‌ల దగ్గర 2.5 వోల్టులు శుభ్రంగా ఇవ్వగలిగితే, శక్తి చాలడం లేదన్న కారణంతో కొత్తది కొనవలసిన పని లేదు.

అన్ని హెడ్‌ఫోన్లూ ఇలా ఉండవు. ప్లేనార్ రకానికి (పలుచని చదునైన పొర కంపించి పలికే రకానికి) చెందిన హైఫైమాన్ హెచ్‌ఈ-6 నిరోధం 50 ఓమ్‌లే అయినా, ఒక మిల్లీవాట్‌కు అది ఇచ్చేది 83.5 డెసిబెల్స్ మాత్రమే. దానిలో 110 డెసిబెల్స్ రావాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు, 95 మిల్లీయాంపియర్ల కరెంటు కావాలి. “ఓమ్‌లు ఎక్కువైతే నడపడం కష్టం” అన్న మాట అంగళ్లలో తరచు వినిపిస్తుంది, కానీ ఈ రెండు హెడ్‌ఫోన్లను పక్కపక్కన పెడితే అది నిలవదు. ఓమ్‌లతో పాటు సెన్సిటివిటీని, అంటే ఇచ్చినదానికి ఎంత శబ్దం వినిపిస్తుందో దాన్ని కూడా చూడాలి. ఆ సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు చెప్పిందా, వోల్టుకు చెప్పిందా అన్నది కూడా గమనించాలి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ విషయంలో ఈ రెండు పద్ధతుల మధ్య తేడా దాదాపు 15 డెసిబెల్స్.

మీ రెండు యాంప్లిఫైయర్ల మధ్య నిజంగా వినిపించే తేడా ఏదైనా ఉంటే, అది ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (యాంప్లిఫైయర్ ఔట్‌పుట్‌కు తనలోనే ఉండే నిరోధం) వల్ల అయ్యే అవకాశం ఎక్కువ. హెచ్‌డి 650 నిరోధం అన్ని స్వరాల దగ్గరా 300 ఓమ్‌లుగా ఉండదు. మంద్ర స్థాయిలో, 100 హెర్ట్జ్‌ల పరిసరాల్లో అది చాలా పైకి లేస్తుంది. అక్కడ 500 ఓమ్‌లు అనుకుంటే, 120 ఓమ్‌ల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న యాంప్లిఫైయర్ ఆ ప్రాంతాన్ని మిగతావాటికన్నా దాదాపు ఒక డెసిబెల్ పైకి ఎత్తుతుంది. మీరు చెప్పిన మర్దళపు నిండుదనం దీనివల్ల కూడా రావచ్చు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ యాంప్లిఫైయర్లలో ఈ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉంటుంది. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం (ఐఈసీ) వారి 61938 ప్రమాణం కూడా ఒకప్పుడు 120 ఓమ్‌లనే సూచించింది. నేటి మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లలో ఇది ఒకటి రెండు ఓమ్‌లకు మించదు. హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకు లోపు ఉంటే చాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న సూత్రం.

దీన్ని మీరే కొలవవచ్చు. హెడ్‌ఫోన్ తీసివేసి, అదే 200 హెర్ట్జ్‌ల స్వరంతో జాక్ దగ్గర 0.500 వోల్టు వచ్చేలా పెట్టండి. తరువాత జాక్‌కు 33 ఓమ్‌ల రెసిస్టర్‌ను అడ్డంగా కలిపి మళ్లీ చూడండి. 0.480కి తగ్గితే, తగ్గిన 0.020ని మిగిలిన 0.480తో భాగించి 33తో హెచ్చించండి, 1.4 ఓమ్‌లు వస్తుంది, అది మంచి ఫలితం. 0.384కు పడిపోతే దాదాపు 10 ఓమ్‌లు ఉన్నట్టు. మీ 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అది కూడా ఫరవాలేదు కానీ, 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు తగదు. స్నేహితుని యాంప్లిఫైయర్ వాల్వ్ రకమైతే ఈ 33 ఓమ్‌ల పరీక్ష దానికి పెట్టకండి. దాని బదులు 300 ఓమ్‌ల రెసిస్టర్ వాడండి.

చివరగా, మీ నాన్నగారి పాత పాటలతో చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. 1950లు, 60ల నాటి ఆ పాటలు ఎక్కువగా మోనోలో ఉంటాయి కాబట్టి గొంతు సరిగ్గా నెత్తి నడుమ నుంచి వచ్చినట్టు వినిపించాలి. రాత్రి పూట వినే తక్కువ స్థాయికి నాబ్‌ను తగ్గిస్తూ వెళ్లండి. ఏదో ఒక చోట గొంతు ఎడమ చెవి వైపుకో, కుడి వైపుకో జరిగితే, ఆ వాల్యూమ్ కంట్రోలు రెండు ఛానెళ్లనూ సమానంగా తగ్గించడం లేదని అర్థం. చౌక యాంప్లిఫైయర్లలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా తోచేది ఇదే. వక్రీకరణ అంకెల గురించి పేజీలకు పేజీలు రాసే సమీక్షకులు కూడా దీన్ని తరచు వదిలేస్తారు. లో గెయిన్ స్విచ్ (యాంప్లిఫైయర్ శబ్దాన్ని పెంచే మోతాదును తగ్గించే స్విచ్) ఉంటే దాన్ని వాడండి, నాబ్ పైకి వెళుతుంది, లోపం చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: పాట ఆగినప్పుడు నా యాంప్లిఫైయర్ నుంచి సన్నగా గుయ్‌మనే శబ్దం వస్తోంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు అది మరీ ఎక్కువవుతోంది. యాంప్లిఫైయర్ నాసిరకమనుకోవాలా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: తొందరపడి అలా అనుకోకండి. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను తీసివేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం మాయమైతే అది చాలావరకు ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ తీగల మధ్య ఏర్పడే చుట్టు) వల్ల వచ్చింది; ల్యాప్‌టాప్‌ను, యాంప్లిఫైయర్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితే తరచు తగ్గుతుంది. ఏ పరిస్థితుల్లోనూ ఎర్త్ పిన్నును తొలగించకండి. కొన్ని ఇన్వర్టర్లు సైన్ తరంగానికి బదులు చతురస్ర తరంగాన్ని ఇస్తాయి. దానిలోని హార్మోనిక్స్ (అసలు తరంగానికి తోడుగా ఉండే పై పౌనఃపున్యాల తరంగాలు) ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా శబ్దంగా బయటపడతాయి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు విన్నదాన్ని బట్టి ఏ యాంప్లిఫైయర్ మీదా తీర్పు చెప్పకూడదు. ల్యాప్‌టాప్ కేబుల్ పూర్తిగా తీసేసి, మామూలు కరెంటు మీద, నాబ్ ఎప్పుడూ వినే చోట ఉంచినా శబ్దం మిగిలి ఉంటే, అప్పుడు అది యాంప్లిఫైయర్‌దే.

ప్రశ్న: మా మేనమామగారు అమెరికా నుంచి వస్తూ ఒక యాంప్లిఫైయర్ తెస్తామంటున్నారు. ఇక్కడ పనిచేస్తుందా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అడాప్టర్ మీద “100–240” అని ఉంటే నిశ్చింతగా తెప్పించుకోండి. “120” అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు నేరుగా తగిలించగానే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కొన్ని యాంప్లిఫైయర్ల అడాప్టర్లు డీసీ కాకుండా ఏసీనే బయటకు ఇస్తాయి. వాటికి బదులు ఇక్కడ దొరికే డీసీ అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టినా, లోపలి సర్క్యూట్ పనిచేయదు. అంతే వోల్టేజీ, అంతే కరెంటు ఇచ్చే 230 వోల్టుల ఏసీ అడాప్టర్ దొరుకుతుందో లేదో కనుక్కుని, ఆ తరువాతే మేనమామగారితో తెమ్మని చెప్పండి.

ప్రశ్న: ఒక యాంప్లిఫైయర్‌కు సైనాడ్ 104 అనీ, మరోదానికి 120 అనీ సమీక్షల్లో చదివాను. ఆ 16 అంకెల కోసం ఎక్కువ ధర పెట్టడం సబబేనా?
— ఒక పాఠకుడు, జయపురం (కొరాపుట్ జిల్లా)

జవాబు: వినడానికైతే సబబు కాదని నా అభిప్రాయం. సైనాడ్ అంటే రొద, వక్రీకరణల కన్నా అసలు సంకేతం ఎన్ని డెసిబెల్స్ ఎక్కువో చెప్పే అంకె. 104 అంటే రొద, వక్రీకరణ కలిసి అసలు సంకేతంలో 0.0007 శాతం కూడా ఉండవు. 120 అంటే 0.0001 శాతం. మంద్ర స్వరాల దగ్గర హెడ్‌ఫోన్ తానే కలిపే వక్రీకరణ దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజినీరు ఓ2 యాంప్లిఫైయర్ నమూనాను అందరికీ అందుబాటులో పెట్టినప్పుడే, మామూలు ఆప్-యాంప్ చిప్‌లతో వినికిడికి అందని స్థాయి వరకు శుభ్రత సాధ్యమని రుజువైంది. మీరు సున్నితమైన ఇయర్‌ఫోన్లు వాడుతుంటే మాత్రం రొద వోల్టేజీని విడిగా చూడండి. ఒక వోల్టుకు 120 డెసిబెల్స్ ఇచ్చే ఇయర్‌ఫోన్‌లో 10 మైక్రోవోల్టుల రొద 20 డెసిబెల్స్‌గా వినిపిస్తుంది. నిశ్శబ్దమైన గదిలో అది తెలుస్తుంది. అదే రొద హెచ్‌డి 650లో 3 డెసిబెల్సే కాబట్టి వినబడదు. పాత పాటల్లో వినిపించే “స్స్” మాత్రం రికార్డింగులోనిది; పాటను ఆపగానే అదీ ఆగిపోతుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో వాడిన యాంప్లిఫైయర్ ఒకటి తక్కువ ధరకు వస్తోంది. రైలులో వెళ్లి చూసి కొనాలనుకుంటున్నాను. అక్కడికక్కడే ఏం పరీక్షించాలి?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: హెడ్‌ఫోన్ తగిలించక ముందే మల్టీమీటర్‌ను డీసీలో 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, పాట ఏదీ లేకుండా, జాక్ దగ్గర రెండు ఛానెళ్లనూ విడివిడిగా చూడండి. 10 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. 50 దాటితే ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దనండి. ఆ డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌ను ఒక పక్కకు నెడుతూ వేడెక్కిస్తుంది. యాంప్లిఫైయర్‌ను అరగంట నడిపి మళ్లీ చూడండి, ఎందుకంటే వేడెక్కాక పెరిగే లోపాలు ఉంటాయి. నాబ్‌ను మెల్లగా తిప్పినప్పుడు గరగరమంటే అది దుమ్ము కావచ్చు, శుభ్రం చేస్తే పోతుంది. జాక్‌ను కదిపినప్పుడు ఒక చెవిలో పాట తెగిపోతుంటే టంకం విడిచింది. దాన్ని బాగుచేయించడానికి అయ్యే ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. పవర్ వేసినప్పుడు, తీసినప్పుడు వచ్చే దబ్బుమనే చప్పుడును మీ మంచి హెడ్‌ఫోన్‌తో కాకుండా, వెంట తీసుకువెళ్లిన పాత ఇయర్‌ఫోన్‌తో వినండి.