టీకి రమ్మంటే తిని వెళ్లకు

తమ్ముడూ, నువ్వు ఇంగ్లాండు నుంచి రాసి అడిగిన వీసా పొడిగింపు, కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను సంగతులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో శుభ్రంగా రాసి ఉన్నాయి, ఓపిగ్గా చదువుకో. చివర్లో ఒక్క ముక్క రాశావు చూడు, 'పక్కింటావిడ గురువారం టీకి రమ్మంది, వెళ్లడం అవసరమా' అని. నేను జవాబు చెప్పేది దానికే. అవసరమే. కాకపోతే ఖాళీ కడుపుతో వెళ్లు.

నేను ఉత్తర ఇంగ్లాండులోని బోల్టన్ ఊళ్లో దిగింది 2004 నవంబరులో. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫీసు నుంచి వచ్చి తలుపేసుకుంటే మళ్లీ పొద్దున దాకా మనిషి గొంతు వినపడేది కాదు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డు గీకాలి. మీకు వాట్సాప్ ఉంది, ఒంటరితనం అంటే ఏం తెలుస్తుందిలే అనుకునేవాణ్ణి. కానీ రోజూ మూడు గంటలు అమ్మతో వీడియోలో మాట్లాడే కుర్రాళ్లకే అది ఎక్కువని ఈమధ్య గమనించాను.

మూడు వారాలకి పక్కింటి పెద్దావిడ, "కమ్ రౌండ్ ఫర్ యువర్ టీ, లవ్" అంది. ఐదున్నరకి. టీయేగా అని ఐదింటికే పప్పుచారు అన్నం, పెరుగన్నం పట్టించి, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వెళ్లాను. బల్ల మీద కప్పుల్లేవు. నేను మాంసం తిననని ఎలా కనుక్కుందో, చీజ్, ఉల్లిపాయ పిండి పొరల మధ్య పెట్టి కాల్చే 'పై' అనే వంటకం చేసింది. పొగలు కక్కుతోంది. పక్కన బఠాణీలు, ఉడికించిన బంగాళాదుంపలు. రెండు ముక్కలకే గొంతు దాకా వచ్చింది. నచ్చలేదా అని మూడుసార్లు అడిగి, మిగిలింది ఫాయిల్‌లో చుట్టిచ్చింది.

అక్కడితో ఆగానా? మర్యాదకి నేనూ ఆవిణ్ణి టీకి పిలిచాను. అల్లం టీ, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, మేరీ బిస్కెట్లు. పాపం, ఏడింటి దాకా వంటింటి వైపు చూస్తూ కూర్చుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మార్చి దాకా మా మధ్య "మార్నింగ్" తప్ప మాట లేదు. ఆ చలికాలం ఎలా గడిచిందో నాకే తెలుసు.

ఆఫీసులో ఒక పెద్దాయన నవ్వి చెప్తే గానీ తెలీలేదు. ఉత్తర ఇంగ్లాండులో చాలామందికి టీ అంటే సాయంత్రం భోజనం, డిన్నర్ అంటే మధ్యాహ్నానిది. బళ్లో వడ్డించే ఆవిణ్ణి డిన్నర్ లేడీ అంటారు అందుకే. ఒకప్పుడు దేశమంతటా డిన్నర్ పగటి పూటే. డబ్బున్నవాళ్లు దాన్ని రాత్రికి జరుపుకుంటూ పోతే, మధ్యలో ఖాళీకి లంచ్ వచ్చి చేరింది. నూలు మిల్లుల్లో పనివాళ్లకి ఆ వైభోగం ఎక్కడిది? పని దిగి ఆకలితో ఇంటికొచ్చి, టీతో పాటు గట్టిగా తినేవారు. తిండికీ ఆ పేరే నిలిచిపోయింది. తమాషా ఏమిటంటే, డిన్నర్ అన్న మాటని పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ దాకా తవ్వితే 'ఉపవాసం విడవడం' అని తేలుతుంది. అంటే బ్రేక్‌ఫాస్టే!

టీ అన్న మాట చైనాలోని ఫుజియన్ తీరంవాళ్ల 'తే'. డచ్చి వర్తకులు ఆకుతో పాటు దాన్నీ ఓడలెక్కించి యూరప్ తెచ్చారు. చైనాలో మిగతా చోట్ల అనే 'చా' పారసీకం మీదుగా మనకి చాయ్ అయింది. తెనాలివాణ్ణి నేను టీ అన్నా, మా హైదరాబాద్ బావ చాయ్ అన్నా ఆకు ఒకటే. తేనీరులో ఉన్నదీ తేనె కాదు, ఆ 'తే'నే.

మార్చిలో నేనే వెళ్లి తలుపు తట్టాను. పులిహోర చేసి పిలిచాను. కరివేపాకు ఏరి పక్కన పెడుతూ రెండోసారి వడ్డించుకుంది. ఇవాళ మా వీధిలో నాలుగిళ్ల తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి, వాళ్లు ఊరెళ్తే మొక్కలకి నీళ్లు పోసేది నేనే.

నీకు ఆవిడ ఎన్నింటికి రమ్మందో రాయలేదు. నాలుగింటికైతే కప్పు, కేకు ముక్క. ఐదూ ఆరూ అయితే భోజనమే. ఏం తినవో బుధవారమే చెప్పెయ్.