డయాలసిస్ బాబుకి గుడ్డు పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా బాబుకి 8 ఏళ్లు, కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. బరువు 16 కేజీలే, ఆరేళ్ల చెల్లెలు ఎత్తులో వాణ్ణి దాటేసింది. కిడ్నీ జబ్బుకి పప్పూ గుడ్డూ పడవని మా అత్తగారు పెట్టనివ్వరు, వాడేమో రెండు ముద్దలు తిని లేచిపోతాడు. వీడు ఎదుగుతాడా అండీ?

జవాబు: గుడ్డు పెట్టండమ్మా, ముందు ఆ సంగతి తేలిపోవాలి. అత్తగారు విన్నది డయాలసిస్ దాకా రాని పెద్దవాళ్లకి చెప్పే పథ్యం, ఎదిగే పిల్లాడికి అది పెడితే ఎట్లా? పైగా డయాలసిస్‌లో కొంత ప్రోటీన్ పోతుంది, అందుకని మామూలు పిల్లలకంటే కాస్త ఎక్కువే కావాలి, కేజీకి రోజుకి ఒక గ్రాము పైన. అంటే మీవాడికి కనీసం 17 గ్రాములు, ఒక్క గుడ్డులోనే 6 వస్తాయి. రక్తంలో ఫాస్ఫరస్ ఎక్కువుంటే తెల్లసొన మేలు.

నాకు మాత్రం అసలు లోటు క్యాలరీలదే అనిపిస్తోంది, రెండు ముద్దలతో సరిపెడితే తిన్న ప్రోటీన్ కూడా కండకి పోకుండా ఒంటికి వంటచెరుకైపోతుంది. అన్నంలో నెయ్యి, కూరలో నూనె ధారాళంగా వెయ్యండి. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి రాత్రిపూట ఫీడ్ ఇస్తారు, తల్లులు దీనికి భయపడి నెలలు వాయిదా వేస్తారు, ఆ ఆలస్యం మాత్రం వద్దు.

కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దు, పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యండి. గోంగూర పచ్చడి మనకి ప్రాణమే గానీ వాడికి వద్దు, ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు, ఆ నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి మానేసెయ్యండి. తిండిలోని ఫాస్ఫరస్‌ని ఒంటికి పట్టకుండా ఆపే మాత్ర అన్నంతో పాటే వెయ్యాలి, తర్వాత వేస్తే దండగ.

ఇంకోటి, డయాలసిస్‌కి ముందు బరువు పెరిగిందని సంబరపడకండి, అది నీరు. డయాలసిస్ అయ్యాక నిలిచే డ్రై వెయిట్ చూడాలి, ఎత్తు నెలనెలా రాయించండి.

ఎదుగుతాడా అన్నారు, ఎముకల చివర పెరిగే భాగాలు ఇంకా మూసుకోలేదు కాబట్టి అవకాశం ఉంది. రక్తంలో ఆమ్లం పెరిగినా, ఎముకల మీద పనిచేసే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) అదుపులో లేకపోయినా ఎత్తు ఆగిపోతుంది. వచ్చే విజిట్‌లో ఆ ఆమ్లాన్ని అదుపు చేసే బైకార్బనేట్ రక్తంలో 22 కంటే తగ్గిందేమో అడగండి, తిండీ ఇవీ సరిచేశాక కూడా పెరగకపోతే రోజూ రాత్రి చేసే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఉంది, ఆ మాట మీ పిల్లల కిడ్నీ డాక్టర్ దగ్గర మీరే ఎత్తండి.