నాలుగు వరి రకాల్లో ఏది మేలు? సగటులు మాత్రమే చూస్తే తేలదు

ప్రశ్న: నాలుగు వరి రకాలను పక్కపక్కన వేసి చూశాను. పొలాన్ని కాలువ దగ్గర, మధ్యలో, చివర అని మూడు పట్టీలు చేశాను. ప్రతి పట్టీలో చీట్లు తీసి నాలుగు రకాలకూ సమానమైన మడులు ఇచ్చాను. మడికి దిగుబడి కిలోల్లో, అదే వరుసలో: మొదటి రకం 24, 21, 21. రెండోది 25, 24, 20. మూడోది 27, 25, 23. నాలుగోది 28, 26, 24. వచ్చే పంటకు పొలమంతా నాలుగో రకమే వేయవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. ప్రతి రకాన్నీ మూడు చోట్ల వేశారు, ఏ మడి ఏ రకానికో చీట్లు తీసి తేల్చారు. అందుకే మీ అంకెలతో లెక్క చేయడానికి వీలుంది. కొందరు రకానికి ఒక్క మడి వేసి, ఆ గింజల్ని మూడు బస్తాలుగా తూచి మూడు అంకెలు పంపుతారు. అవి ఎన్నిసార్లు తూచినా ఒక్క మడి అంకెలే. వాటితో రకాల మధ్య తేడా తేల్చలేం.

మీ సగటులు 22, 23, 25, 26. నాలుగోదే ముందున్నట్టు కనిపిస్తుంది. అయితే నాలుగో రకాన్నే చూడండి: కాలువ దగ్గర 28, చివర 24. విత్తనం ఒకటే, తేడా 4 కిలోలు. ఒకే రకం మడుల మధ్యే ఇంత తేడా ఉంటే, రెండు రకాల సగటుల మధ్య వచ్చిన 1 కిలోను ఎంతవరకు నమ్మాలి? దీన్ని తేల్చేదే విస్తృతి విశ్లేషణ, అందరూ అనోవా అనేది. 1919లో ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన రొనాల్డ్ ఫిషర్, పొలం ప్రయోగాల అంకెలతో కుస్తీ పడుతూనే దీన్ని రూపొందించారు.

మీ 12 మడుల మొత్తం సగటు 24. ప్రతి మడి దానికి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గం చేసి కూడితే 66 వస్తుంది. ఇందులో రకాల వల్ల వచ్చింది 30, పట్టీల వల్ల వచ్చింది 32, ఏ కారణమూ చెప్పలేనిది 4. రకాల 30ని 3తో (రకాల సంఖ్య కంటే ఒకటి తక్కువ) భాగిస్తే 10. మిగిలిన 4ని 6తో (ఆ 3ని, పట్టీల సంఖ్య కంటే ఒకటి తక్కువైన 2తో గుణిస్తే వచ్చేది) భాగిస్తే 0.67. ఈ భాగించే అంకెలనే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. 10లో 0.67 ఎన్నిసార్లు ఉందో చూస్తే 15. ఇదే ఎఫ్ విలువ. 5% స్థాయిలో, అంటే నిజంగా తేడా లేకపోయినా ఉందని పొరబడే అవకాశం 5% మాత్రమే ఉండేలా, ఎఫ్ పట్టికలో ఉన్నది 4.76. మీ 15 దాన్ని దాటింది కాబట్టి, రకాల మధ్య తేడా నిజమైనదే అనుకోవచ్చు.

పట్టీలు చేయడం ఎంత మేలు చేసిందో చూడండి. పట్టీల సంగతి పట్టించుకోకుండా లెక్క వేస్తే ఆ 32 కూడా కారణం తెలియని తేడాలోనే కలిసిపోతుంది. అప్పుడు ఎఫ్ 2.22కు పడిపోతుంది, కావలసింది 4.07. అవే అంకెలతో, తేడా రుజువు కాలేదని చెప్పాల్సి వచ్చేది.

ఎఫ్ ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది, ఏ రకానికీ ఏ రకానికీ మధ్య అన్నది చెప్పదు. దానికి క్రిటికల్ డిఫరెన్స్ కావాలి, అంటే రెండు సగటుల మధ్య తేడాను నమ్మాలంటే అది దాటాల్సిన అంకె. మీ లెక్కలో అది 1.63 కిలోలు. మూడోదానికీ రెండోదానికీ తేడా 2, ఇది దాన్ని దాటింది. నాలుగోదానికీ మూడోదానికీ తేడా 1, దాటలేదు. అంటే మూడు, నాలుగు రకాలు మొదటి రెండిటి కంటే మెరుగు. ఆ రెండిట్లో ఏది పైచేయో ఈ అంకెలు చెప్పలేవు. కాబట్టి పొలమంతా నాలుగోదే వేయడం తొందరపాటు అవుతుంది. పంటకాలం, పడిపోయే గుణం, తెగుళ్లను తట్టుకునే శక్తి చూసి ఈ రెండిట్లో ఏది మీకు అనువో దాన్నే ఎంచుకోండి.

ఎఫ్ చూడకుండా రకాలను జంటలుగా పోల్చవద్దు. నాలుగు రకాలకు ఆరు జంటలు. ఒక్కో పోలికలో పొరపాటుకు 5% అవకాశం ఇస్తే, ఆరింటికీ కలిపి అది బాగా పెరుగుతుంది.

ఎక్సెల్‌లో అయితే అనోవా: టూ ఫ్యాక్టర్ వితౌట్ రెప్లికేషన్ ఎంచుకోండి. పేరు చూసి కంగారు పడకండి, మీ పట్టీలే రెండో ఫ్యాక్టర్.

వచ్చే పంటలో మూడు, నాలుగు రకాలను మాత్రం ఆరేడు పట్టీల్లో వేసి చూడండి. గట్టు పక్క వరుసలకు వెలుతురు ఎక్కువ అంది దిగుబడి పెరుగుతుంది కాబట్టి వాటిని వదిలి లోపలి పైరునే కోసి తూయండి. అన్ని మడుల గింజల్నీ ఒకే తేమకు, 14%కు సరిచేశాకే బరువు రాయండి.