ఇంట్లో ఆటలమ్మ, బాబుకి స్టెరాయిడ్ మాత్రలు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. ఆరేళ్ల మా బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) తిరగబెట్టడంతో మూడు వారాలుగా రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నాం. నిన్న మా పాపకి ఆటలమ్మ పోసింది. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. అమ్మవారు దిగేదాకా మందులు ఆపమని మా అత్తగారు అంటున్నారు. అసలే ఉద్దానం వాళ్లం. దీనివల్ల కిడ్నీలు పాడవుతాయా?
– ఒక తల్లి

జవాబు: ముందుగా, ఆ మాత్రలు ఆపకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను తగ్గిపోతుంది కనుక, మాత్ర హఠాత్తుగా మానేస్తే జ్వరం వచ్చినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు మార్చాలా వద్దా అన్నది వైద్యుడే చెప్పాలి. వేపమండలు కట్టుకోవడానికి మాత్రం నాకే అభ్యంతరమూ లేదు.

బాబుకి పొక్కులు లేచేదాకా ఎదురుచూడకండి. ఇది ఒకరికి పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్కవాళ్లకు అంటుకుని, వాళ్లలో 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. అతనికి ఇదివరకు ఆటలమ్మ రాకుండా, టీకా కూడా పడకుండా ఉంటే, సోకిన 10 రోజుల్లోపు ప్రత్యేక ఇమ్యునోగ్లోబులిన్ (ఈ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వవచ్చు. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అది దొరకకపోతే వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు సంగతి వైద్యుడు చూస్తారు. ఈ టీకాలో ఉండేది బతికున్న వైరస్ కనుక ఈ మోతాదులో స్టెరాయిడ్ వాడుతుండగా వేయరు.

ఇక కిడ్నీల మాట. ఉద్దానంలో పెద్దవాళ్లను ఏళ్ల తరబడి నెమ్మదిగా తినేసే జబ్బు వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. ఆటలమ్మ వల్ల కిడ్నీలు దెబ్బతినడం అరుదు. అయితే రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో వైరస్ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకినట్టే, ఎప్పుడైనా అరుదుగా కిడ్నీలకూ పాకి వాపు తేవచ్చు. గోకిన పొక్కులు చీము పట్టినా, కొన్ని వారాల తర్వాత కిడ్నీ వాపు రావచ్చు. సిరలోకి ఎక్కించే ఎసైక్లోవిర్ కూడా ఒంట్లో నీరు తక్కువైతే కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది కనుక దాన్ని కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తారు.

పొక్కులు వస్తే అదే రోజు ఆస్పత్రిలో చూపించాలి. ఉదయపు మూత్రాన్ని గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. నురగ పాత జబ్బుది కావచ్చు. టీ డికాషన్ రంగు తిరిగినా, రోజూ వచ్చేంత రాకపోయినా ఆలస్యం చేయకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు.

బయలుదేరే ముందు ఇంట్లో ఆటలమ్మ ఉందని ఫోన్‌లో చెప్పండి. ఓపీ వరుసలో మీ బాబులాంటి పిల్లలే మరికొందరు కూర్చుని ఉంటారు.